జీతాల పద్దు పెద్దదైతే కప్పు దక్కుతుందా? బేస్‌బాల్ వివాదం, హైదరాబాద్ జట్ల అనుభవం

అమెరికాలోని మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్ జట్టు 2024, 2025 సంవత్సరాల్లో వరుసగా వరల్డ్ సిరీస్ గెలుచుకుంది. న్యూయార్క్ యాంకీస్ 1998 నుంచి 2000 వరకు సాధించిన మూడు వరుస విజయాల తర్వాత టైటిల్‌ను నిలబెట్టుకున్న జట్టు ఇదొక్కటే. 2025లో ఈ జట్టు ఆటగాళ్ల జీతాలతోపాటు, నిర్ణీత హద్దు దాటి ఖర్చు చేసినందుకు లీగ్‌కు దాదాపు 16.9 కోట్ల డాలర్ల అదనపు పన్ను కూడా చెల్లించాల్సి వచ్చింది. లీగ్‌లోని అనేక జట్లు తమ ఆటగాళ్లందరికీ కలిపి ఇచ్చే మొత్తం అంతకంటే తక్కువ. సంపన్న జట్లు డబ్బుతో కప్పులు కొనుక్కుంటున్నాయన్న పాత ఆరోపణ దీంతో మళ్లీ బలంగా వినిపిస్తోంది.

భారతీయ క్రీడాభిమానికి ఈ వివాదం దూరపు ముచ్చటగా తోచవచ్చు. ఇక్కడి ప్రధాన లీగ్‌లన్నీ జీతాల పరిమితితోనే పుట్టాయి. అందుకే బేస్‌బాల్‌కు సూచిస్తున్న మందు ఎంతవరకు పనిచేస్తుందో చూడాలంటే భారతదేశం వైపు, ముఖ్యంగా హైదరాబాద్ వైపు చూడవచ్చు. క్రికెట్, ఫుట్‌బాల్, కబడ్డీ మూడింటిలోనూ ఈ నగరం పరిమితి ఇచ్చిన మేలునూ, దాని చేతకానితనాన్నీ చవిచూసింది.

బేస్‌బాల్‌లో అసలు తేడా ఎక్కడుంది

మేజర్ లీగ్‌లో 30 జట్లున్నాయి. జాతీయ స్థాయి ప్రసార హక్కుల ఆదాయాన్ని అవి సమానంగా పంచుకుంటాయి. అయితే ప్రతి జట్టుకూ తన ప్రాంతానికి పరిమితమైన స్థానిక టెలివిజన్ ఒప్పందం వేరుగా ఉంటుంది. అసలైన అంతరం అక్కడే మొదలవుతుంది. డాడ్జర్స్ స్థానిక ఒప్పందం విలువ 25 ఏళ్లకు 835 కోట్ల డాలర్లు. చిన్న నగరాల జట్లకు అటువంటి ఆదాయం ఊహకు కూడా అందదు. స్థానిక ఆదాయంలో 48 శాతాన్ని ఉమ్మడి నిధికి జమచేసి పంచుకోవాలన్న నియమం ఉన్నా, మిగిలిన 52 శాతంలోనే కొండంత వ్యత్యాసం నిలిచిపోతుంది.

అమెరికన్ ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్, ఐస్ హాకీ లీగ్‌లలో జీతాలకు పరిమితి ఉంది. బేస్‌బాల్‌లో లేదు. యజమానులు దానిని తేవాలని పట్టుబట్టడంతో 1994 ఆగస్టు 12న ఆటగాళ్లు సమ్మెకు దిగారు. ఆ ఏడాది వరల్డ్ సిరీస్ రద్దయింది. సమ్మె 1995 ఏప్రిల్ వరకు సాగింది. పరిమితి రాలేదు. దాని స్థానంలో, వాడుకలో విలాస పన్ను అనే పేరుతో ఒక రాజీ సూత్రం వచ్చింది. 2025లో ఒక జట్టు 24.1 కోట్ల డాలర్ల హద్దు దాటితే మొదటిసారి అదనపు ఖర్చుపై 20 శాతం, వరుసగా రెండో ఏడాది 30 శాతం, మూడో ఏడాది నుంచి 50 శాతం చెల్లించాలి. హద్దును 6 కోట్ల డాలర్లకు మించి దాటిన జట్టుకు సర్‌చార్జీతో కలిపి పన్ను 110 శాతం వరకు చేరుతుంది. అంటే ఆటగాడికి ఒక డాలర్ ఇస్తే లీగ్‌కు మరో డాలర్ పది సెంట్లు కట్టాలి. డాడ్జర్స్ అందుకు కూడా వెనుకాడలేదు. జపాన్ ఆటగాడు షోహెయ్ ఒహ్తానీతో కుదుర్చుకున్న పదేళ్ల, 70 కోట్ల డాలర్ల ఒప్పందంలో 68 కోట్లను ఒప్పంద కాలం ముగిశాక చెల్లించేలా ఏర్పాటు చేసుకుంది. దీంతో పన్ను లెక్కలో ఆ ఒప్పందం భారం గణనీయంగా తగ్గింది.

ఈ అసమానతను అధ్యయనం చేయడానికి నియమించిన నిపుణుల సంఘం 2000 జులైలో నివేదిక ఇచ్చింది. అమెరికా కేంద్ర బ్యాంకు మాజీ అధ్యక్షుడు పాల్ వోల్కర్ అందులో సభ్యుడు. 1995 నుంచి 1999 వరకు జీతాల వరుసలో పై నాలుగో వంతుకు చెందని ఏ జట్టూ వరల్డ్ సిరీస్‌లో కనీసం ఒక్క మ్యాచ్ గెలవలేదని ఆ నివేదిక తేల్చింది. ఆరోపణకు అంతకంటే గట్టి రుజువు అక్కర్లేదనిపించింది.

అయితే ఆట వెంటనే ఎదురుతిరిగింది. 2002లో ఓక్లాండ్ అథ్లెటిక్స్ సుమారు 4 కోట్ల డాలర్ల జీతాలతో 103 మ్యాచ్‌లు గెలిచింది. 12.5 కోట్ల డాలర్లు వెచ్చించిన యాంకీస్ గెలిచినవీ సరిగ్గా అన్నే. ఇతరులు పట్టించుకోని గణాంకాల ఆధారంగా చౌకలో ఆటగాళ్లను ఎంచుకున్న ఓక్లాండ్ కథ తర్వాత పుస్తకంగా, సినిమాగా ప్రపంచానికి తెలిసింది. 2003లో తనకంటే దాదాపు మూడింతలు ఖర్చు చేసిన యాంకీస్‌ను ఫ్లోరిడా మార్లిన్స్ వరల్డ్ సిరీస్‌లో ఓడించింది. ఇరవై ఏళ్ల తర్వాత, 2023లో, న్యూయార్క్ మెట్స్ అప్పటివరకు లీగ్ చరిత్రలోనే అత్యధిక జీతాలతో బరిలోకి దిగి 75 విజయాలు, 87 ఓటములతో సీజన్ ముగించింది. ప్లేఆఫ్‌కే చేరలేదు.

ఓక్లాండ్ ఉదాహరణను సాధారణంగా సగమే చెబుతారు. ఆ ఏడాది ప్లేఆఫ్ తొలి దశలోనే జట్టు ఓడిపోయింది. 162 మ్యాచ్‌ల సుదీర్ఘ సీజన్‌లో నైపుణ్యం నిలబడుతుంది, అయిదు లేదా ఏడు మ్యాచ్‌ల పోరులో అదృష్టం వాటా పెరుగుతుంది. డబ్బు చేసే పని కప్పును తెచ్చి ఇవ్వడం కాదు, ప్లేఆఫ్ ద్వారం దగ్గరకు ప్రతి ఏడాదీ చేర్చడం. పేద జట్టుకు ఒక మంచి తరం ఆటగాళ్లు దొరికినప్పుడు ఒకటి రెండు అవకాశాలు వస్తాయి. ఆరేళ్ల సర్వీసు పూర్తికాగానే ఆ ఆటగాళ్లు స్వేచ్ఛగా వేరే జట్టుకు వెళ్లవచ్చు. ధనిక జట్టుకు అవకాశం ఏటా వస్తుంది, పొరపాటు జరిగినా దిద్దుకునే స్తోమత ఉంటుంది. అన్యాయం అంటూ ఏదైనా ఉంటే అది ఈ రెండో చోట ఉంది.

లక్ష్మణ్ వదులుకున్న హోదా

ఇండియన్ ప్రీమియర్ లీగ్ 2008లో అమెరికా లీగ్‌ల పద్ధతిని చూసే జీతాల పరిమితిని స్వీకరించింది. తొలి వేలంలో ప్రతి జట్టుకూ 50 లక్షల డాలర్ల హద్దు విధించారు. నగర ప్రతినిధిగా గుర్తింపు పొందిన ఐకాన్ ఆటగాడికి ఆ జట్టు కొన్న అత్యంత ఖరీదైన ఆటగాడి కంటే 15 శాతం ఎక్కువ ఇవ్వాలన్నది నియమం. ఇది ఆ హద్దులో పెద్ద కోతే. హైదరాబాద్ జట్టు డెక్కన్ చార్జర్స్‌కు ఐకాన్ కావలసిన వీవీఎస్ లక్ష్మణ్ ఆ హోదాను స్వయంగా వదులుకున్నారు. జట్టు చేతిలో వేలానికి ఎక్కువ సొమ్ము మిగలాలన్నదే ఉద్దేశం. ఆ వెసులుబాటుతో డెక్కన్ ఆండ్రూ సైమండ్స్‌ను 13.5 లక్షల డాలర్లకు తెచ్చుకుంది. మొత్తం హద్దులో ఇది నాలుగో వంతుకు పైమాటే. రోహిత్ శర్మ, ఆడమ్ గిల్‌క్రిస్ట్, షాహిద్ అఫ్రిది, హెర్షెల్ గిబ్స్ కూడా అదే జట్టులో చేరారు.

కాగితంపై బలంగా కనిపించిన ఆ జట్టు 14 మ్యాచ్‌లలో రెండే గెలిచి ఎనిమిదో స్థానంలో, అంటే అట్టడుగున నిలిచింది. ఫ్రాంచైజీలన్నింటిలో తక్కువ ధరకు, 6.7 కోట్ల డాలర్లకు అమ్ముడైన జైపూర్ జట్టు రాజస్థాన్ రాయల్స్ ఆ ఏడాది విజేత. మరుసటి సంవత్సరం దక్షిణాఫ్రికాలో జరిగిన పోటీల్లో అదే డెక్కన్ జట్టు గిల్‌క్రిస్ట్ నాయకత్వంలో ఫైనల్‌కు చేరి, 2009 మే 24న జొహానెస్‌బర్గ్‌లో బెంగళూరును ఆరు పరుగుల తేడాతో ఓడించి కప్పు గెలిచింది. 15.5 లక్షల డాలర్లతో ఆ వేలంలో అత్యధిక ధర పలికిన ఇద్దరిలో ఒకరైన కెవిన్ పీటర్సన్‌ను కొన్నది ఆ బెంగళూరు జట్టే. డెక్కన్‌కు వికెట్లు తెచ్చినది 23 వికెట్లతో పర్పుల్ క్యాప్ అందుకున్న ఆర్పీ సింగ్.

పరిమితి ఉన్నచోట డబ్బు పక్కదారులు వెతుక్కుంటుందనడానికి కూడా హైదరాబాదే సాక్షి. 2012 వేలంలో ఒక్కో జట్టు ఖర్చు చేయగల గరిష్ఠ మొత్తం 20 లక్షల డాలర్లు. రవీంద్ర జడేజా కోసం చెన్నై, డెక్కన్ రెండూ ఆ చివరి డాలర్ వరకు వెళ్లాయి. అప్పుడు రహస్య టై బ్రేకర్ నియమం అమలైంది. రెండు జట్లూ అదనంగా ఎంత ఇస్తాయో చీటీపై రాసి అందించాలి, ఎక్కువ రాసినవారికి ఆటగాడు దక్కుతాడు. ఆ అదనపు సొమ్ము ఆటగాడికి చేరదు, భారత క్రికెట్ నియంత్రణ మండలికి వెళుతుంది. ఎంత రాశారో బయటపెట్టరు. జడేజా చెన్నైకి వెళ్లారు. 2010లో కీరన్ పొలార్డ్ ముంబయికి దక్కినదీ ఇదే మార్గంలో. సమానత్వం కోసం పెట్టిన గోడకు నిర్వాహకులే ఒక కిటికీ ఉంచారనడం తప్పు కాదు. లోతైన జేబున్నవారికే ఆ కిటికీ ఉపయోగపడింది. డెక్కన్ చార్జర్స్ ఒప్పందాన్ని అదే ఏడాది సెప్టెంబరులో బోర్డు రద్దు చేసింది. అక్టోబరులో సన్ టీవీ నెట్‌వర్క్ ఏటా 85.05 కోట్ల రూపాయల చొప్పున చెల్లించేందుకు అంగీకరించి హైదరాబాద్ ఫ్రాంచైజీని సొంతం చేసుకుంది.

సన్‌రైజర్స్ లెక్కలు

కొత్త యాజమాన్యంలో వచ్చిన సన్‌రైజర్స్ హైదరాబాద్ 2016లో టైటిల్ గెలిచింది. బెంగళూరులో జరిగిన ఫైనల్‌లో ఆతిథ్య జట్టును ఎనిమిది పరుగుల తేడాతో ఓడించింది. ఆ ఏడాది వేలంలో 9.5 కోట్ల రూపాయలతో అత్యధిక ధర పలికిన షేన్ వాట్సన్ బెంగళూరు తరఫున నాలుగు ఓవర్లలో 61 పరుగులు ఇచ్చారు. హైదరాబాద్‌కు 1.4 కోట్లకే దొరికిన బంగ్లాదేశ్ బౌలర్ ముస్తాఫిజుర్ రహ్మాన్ ఆ సీజన్‌లో 17 వికెట్లు తీశారు.

ఇదే జట్టు 2023లో హ్యారీ బ్రూక్‌ను 13.25 కోట్లకు కొని పదో స్థానంలో, అంటే చివర నిలిచింది. మరుసటి వేలంలో ప్యాట్ కమిన్స్‌కు 20.5 కోట్లు వెచ్చించినప్పుడు విమర్శలు వచ్చాయి. 2024లో జట్టు ఫైనల్‌కు చేరింది. అక్కడ ఎదురైనది 24.75 కోట్ల మిచెల్ స్టార్క్ ఉన్న కోల్‌కతా. లీగ్‌లో అత్యంత ఖరీదైన ఇద్దరు బౌలర్ల జట్లు ఫైనల్‌కు రావడంతో డబ్బే మాట్లాడిందన్నారు చాలామంది. కానీ హైదరాబాద్‌ను అక్కడికి చేర్చిన పరుగుల్లో పెద్ద వాటా 6.8 కోట్ల ట్రావిస్ హెడ్‌ది, 6.5 కోట్ల అభిషేక్ శర్మది. విశాఖపట్నం యువకుడు నితీశ్ కుమార్ రెడ్డి 20 లక్షల ధరతో 303 పరుగులు చేసి వర్ధమాన ఆటగాడి పురస్కారం అందుకున్నారు. హద్దు ఉన్నప్పుడు ధర తక్కువైన ఆటగాడి విలువ రెట్టింపవుతుంది, ఎందుకంటే అతనిపై మిగిలిన సొమ్ముతోనే కమిన్స్ వంటి నాయకుడు వస్తాడు. 2025కు నితీశ్‌ను అట్టిపెట్టుకోవడానికి జట్టు 6 కోట్లు ఇవ్వాల్సి వచ్చింది.

ఈ సమానత్వ ప్రచారాన్ని ఒక లెక్కతో సరిచూడవచ్చు. 2008 నుంచి 2025 వరకు 18 ఐపీఎల్ సీజన్లలో చెన్నై, ముంబయి చెరి అయిదుసార్లు గెలిచాయి. పరిమితి ఉన్న లీగ్‌లో సగానికి పైగా కప్పులు రెండు జట్లవే. అదే 18 ఏళ్లలో పరిమితి లేని బేస్‌బాల్‌లో 12 వేర్వేరు జట్లు టైటిల్ గెలిచాయి, ఏ జట్టూ మూడుకు మించలేదు. 30 జట్ల లీగ్‌ను పది జట్ల లీగ్‌తో నేరుగా పోల్చడం సబబు కాదన్నది నిజమే. అయినా జీతాలు సమానమైతే విజయాలూ సమానంగా పంపిణీ అవుతాయన్న వాదన ఈ అంకెల ముందు నిలవదు. ఆటగాళ్ల జీతాలకు హద్దు ఉంది గానీ ప్రతిభాన్వేషకులకు, శిక్షకులకు, విశ్లేషకులకు లేదు. హైదరాబాద్ కుర్రాడు తిలక్ వర్మను 2022లో 1.7 కోట్లకు గుర్తించి తీసుకున్నది ముంబయి. విదేశీ లీగ్‌లలో సోదర జట్లు నడిపే స్తోమత కూడా అందరికీ ఉండదు. సన్‌రైజర్స్ యాజమాన్యానికే దక్షిణాఫ్రికాలో ఒక జట్టు ఉంది. ఆ దేశపు లీగ్ తొలి రెండు సీజన్లు గెలిచినప్పుడు ఆ జట్టుకు కెప్టెన్‌గా ఉన్నది ఏడెన్ మార్క్‌రమ్. 2023లో హైదరాబాద్ కెప్టెన్ కూడా ఆయనే.

కబడ్డీలో సగం పర్సు ఒక్కరికే

పరిమితి ఉన్నచోట డబ్బు జట్టుకు ఎదురుతిరగగలదని తెలుగు టైటాన్స్ అనుభవం చెబుతుంది. ప్రొ కబడ్డీ లీగ్ పదో సీజన్‌కు ఒక్కో జట్టు పర్సు 5 కోట్ల రూపాయలు. టైటాన్స్ పవన్ సెహ్రావత్ ఒక్కరికే 2.605 కోట్లు చెల్లించింది. ఏడుగురు ఆడే ఆటలో పర్సులో సగానికి పైగా ఒక రెయిడర్‌కు పోతే డిఫెన్స్‌కు మిగిలేదెంత? 22 మ్యాచ్‌లలో రెండే గెలిచి జట్టు అట్టడుగున నిలిచింది. అంతకుముందు సీజన్‌లో అదే పవన్‌ను 2.26 కోట్లకు తీసుకున్న తమిళ్ తలైవాస్, తొలి మ్యాచ్‌లోనే ఆయన గాయపడి తప్పుకున్నా సెమీఫైనల్ చేరింది. పవన్ లేకుండా ఆడిన 2025 సీజన్‌లో టైటాన్స్ క్వాలిఫయర్ వరకు వెళ్లింది. బేస్‌బాల్‌లో ఒక కొనుగోలు బెడిసికొడితే ధనిక జట్టు మరొకరిని తెచ్చుకుంటుంది. పర్సు ఉన్న లీగ్‌లో ఒక్క తప్పు సీజన్ మొత్తాన్ని తినేస్తుంది.

ఫుట్‌బాల్‌లో హైదరాబాద్ ఎఫ్‌సీది మరో కోణం. 2019లో మొదలై తొలి సీజన్‌లో చివరన నిలిచిన ఈ జట్టు మనోలో మార్కెజ్ శిక్షణలో 2022 మార్చి 20న కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. రెండేళ్లు తిరగకుండానే జీతాల బకాయిలు, ఫిఫా విధించిన బదిలీ నిషేధం చుట్టుముట్టాయి. ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. 2023-24 సీజన్‌లో ఒక్క విజయంతో జట్టు ఆఖరి స్థానంలో మిగిలింది. 2025లో ఫ్రాంచైజీ ఢిల్లీకి తరలిపోయింది. జీతాల పరిమితి ధనిక జట్టును కిందికి లాగగలదు, నిధులు లేని జట్టును పైకి లేపలేదు. ఓక్లాండ్ నగరానికి కూడా ఇదే జరిగింది. తెలివితో ధనబలాన్ని ఎదిరించిన ఆ అథ్లెటిక్స్ జట్టు 2024 తర్వాత ఓక్లాండ్‌ను వదిలి, లాస్ వెగాస్ చేరేలోగా శాక్రమెంటోలో తాత్కాలికంగా ఆడుతోంది.

జట్టు లేని ఊరి అభిమాని

దక్షిణ అండమాన్‌లోని తుష్నాబాద్ వంటి గ్రామానికి ఈ చర్చతో సంబంధం ఉంది. బెంగాలీ, హిందీ, తమిళంతోపాటు తెలుగు మాట్లాడే కుటుంబాలు గణనీయంగా ఉన్న ద్వీపసమూహం అది. అక్కడికి ఐపీఎల్ జట్టు లేదు, రంజీ ట్రోఫీలో అండమాన్ పేరే ఉండదు. 2020 ఆగస్టులో చెన్నై నుంచి ద్వీపాలకు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్ ప్రారంభమయ్యాక ఫోన్‌లో మ్యాచ్ చూడటం సులువైంది. అక్కడి ప్రేక్షకుడు హైదరాబాద్‌ను అభిమానించినా, చెన్నైని అభిమానించినా, ఆయన చూసే మ్యాచ్ ద్వారా వచ్చే ప్రసార ఆదాయం కేంద్ర నిధికే చేరుతుంది. 2023-27 కాలానికి 48,390 కోట్ల రూపాయలకు అమ్ముడైన ఆ హక్కుల సొమ్మే ఐపీఎల్ జట్లకు ప్రధాన ఆధారం. స్థానిక టెలివిజన్ ఒప్పందాలు ఇక్కడ లేవు. జీతాల పరిమితి కంటే ఈ ఏర్పాటే జట్ల మధ్య అంతరాన్ని ఎక్కువగా తగ్గిస్తోందని చెప్పవచ్చు. అమెరికాలో సొంత జట్టు లేని అయోవా రాష్ట్రం ఆరు జట్ల స్థానిక హక్కుల పరిధిలోకి వచ్చింది. అక్కడి అభిమానులు లీగ్ స్ట్రీమింగ్‌కు చందా కట్టినా ఆ ఆరు జట్ల మ్యాచ్‌లు నిలిచిపోవడం ఏళ్ల తరబడి సాగిన ఫిర్యాదు.

పరిమితి ఎవరికి లాభం అన్న ప్రశ్నకు మాత్రం సులువైన జవాబు ఉంది. 2025లో ఒక్కో ఐపీఎల్ జట్టు ఆటగాళ్లపై ఖర్చు చేయగల గరిష్ఠ మొత్తం, మ్యాచ్ ఫీజులతో కలిపి, 146 కోట్లు. పది జట్లకు 1,460 కోట్లు. ప్రసార హక్కుల ఆదాయం ఒక్కటే ఏడాదికి సగటున 9,678 కోట్లు. అంటే ఆటగాళ్లకు చేరేది అందులో దాదాపు 15 శాతం. బేస్‌బాల్‌లో ఆటగాళ్ల వాటా లీగ్ మొత్తం ఆదాయంలో సగానికి అటూ ఇటూగా ఉంటుంది. ఐపీఎల్ ఏడాదిలో రెండు నెలల పోటీ కనుక పోలిక పూర్తిగా సరిపోకపోయినా, అమెరికా ఆటగాళ్ల సంఘం పరిమితిని మూడు దశాబ్దాలుగా ఎందుకు అడ్డుకుంటోందో దీనితో అర్థమవుతుంది. వారి దృష్టిలో అది పేద జట్ల రక్షణ కాదు, యజమానుల పొదుపు. జీతాలకు కనీస మొత్తం నిర్ణయించకుండా గరిష్ఠం మాత్రమే విధిస్తే పంచిన ఆదాయాన్ని చిన్న జట్ల యజమానులు ఆటగాళ్లపై వెచ్చించకుండా దాచుకుంటారన్న అనుమానమూ వారికుంది. ఐపీఎల్ ఈ విషయంలో కొంత జాగ్రత్తపడింది. పర్సులో కనీసం 75 శాతం ఖర్చు చేయాలన్న నియమం ఇక్కడ అమల్లో ఉంది.

మేజర్ లీగ్ బేస్‌బాల్ యజమానులకు, ఆటగాళ్ల సంఘానికి మధ్య ప్రస్తుత ఒప్పందం గడువు 2026 డిసెంబరు 1. జీతాల పరిమితి మళ్లీ చర్చకు వచ్చేది అక్కడే. ఐపీఎల్‌లో ఒక్కో జట్టు మొత్తం హద్దు 2026కు 151 కోట్లు, 2027కు 157 కోట్లుగా ఇప్పటికే ఖరారైంది.